ట్రాన్స్‌లేట్ బటన్ ఉండగా పత్రికెందుకు?

నాకు చైనీస్ ఒక్క ముక్క రాదు. అయినా ఈ ఏడాది నేను చదివిన కథల్లో చైనా కథలే ఎక్కువ. అన్నీ ఇంగ్లీషులోనే. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఆగకుండా చదవగలిగే భాష నాకు అదొక్కటే. తెలుగు చదువుతాను గానీ పేజీకి రెండు సార్లు ఆగుతాను. మన క్లబ్‌లో సగం మంది పరిస్థితి ఇదే అని తెలుసు కాబట్టి సిగ్గుపడకుండా చెప్తున్నా.

ఆ కథలు నా దాకా ఏ దారిలో వచ్చాయా అని వెనక్కి వెతుక్కుంటూ పోతే చాలాసార్లు ఒక పత్రిక తగిలింది. కొన్ని పత్రికలకి చైనా సాహిత్యాన్ని ఇంగ్లీషులో చూపించడమే పని. బీజింగ్‌లో 1951లో మొదలైన ‘చైనీస్ లిటరేచర్’, హాంగ్‌కాంగ్‌లో 1973లో మొదలైన ‘రెండిషన్స్’, మళ్లీ బీజింగ్‌లోనే 2011లో వచ్చిన ‘పాత్‌లైట్’. ఈ పేర్లు మనలో చాలామంది విని ఉండరు. ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ మాత్రం అందరికీ తెలుసు, సిరీస్ వచ్చింది కాబట్టి.

ఈ పత్రికల గురించి హాస్టల్లో చెప్తే నాకు ఎదురైన ప్రశ్న ఒకటే. "ఇప్పుడు వీటి అవసరం ఏముంది రా? చైనీస్ పేజీ ఓపెన్ చేసి ట్రాన్స్‌లేట్ బటన్ నొక్కితే అయిపోయె!" మన క్లబ్‌లో కూడా ఇలాంటి మాటే నడుస్తోంది. అనువాదాల పేజీ కోసం నెలల తరబడి కూర్చోవడం దేనికి, టూల్‌లో పడేస్తే సంచికకి యాభై కథలు పెట్టొచ్చు కదా అని.

బటన్‌ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. నేను చదివేది కంప్యూటర్ సైన్స్. మెషిన్ ట్రాన్స్‌లేషన్ ఎంత దూరం వచ్చిందో నాకు తెలుసు, రోజూ వాడతాను కూడా. చాలా వాక్యాల్ని అది శుభ్రంగానే మారుస్తుంది. నా వాదన వేరే. వాక్యాన్ని మార్చడం ఈ పనిలో ఒక భాగం మాత్రమే. ఏ కథ, ఎందుకు, ఎవరి పూచీ మీద అనే మిగతా భాగం అంతా పత్రిక చేసేది. అది లేకపోతే యాభై కథలు పెట్టినా మనకి అందేది చాలా తక్కువ.

ఒక కథతో మొదలుపెడతాను. మన ఇంజనీరింగ్ వాళ్లకి ఇంతకంటే దగ్గరి కథ దొరకదు.

లూ షున్ 1919లో ‘కోంగ్ యీజీ’ అనే కథ రాశాడు. నాలుగైదు పేజీలే. ఒక చిన్న ఊళ్లో సారా దుకాణం. కూలి పని చేసేవాళ్లు పొట్టి చొక్కాలు వేసుకుని వచ్చి కౌంటర్ దగ్గర నిలబడి తాగుతారు. పొడుగు అంగీలు వేసుకున్న పెద్దమనుషులు లోపల గదిలో కూర్చుని తాగుతారు. పొడుగు అంగీ వేసుకుని కూడా నిలబడి తాగేవాడు ఊరు మొత్తంలో కోంగ్ యీజీ ఒక్కడే. చదువుకున్నాడు, పరీక్ష మాత్రం పాసవలేదు. ఇంకో పని రాదు, చెయ్యడు. అంగీ మాసి చిరిగిపోయింది, అయినా విప్పడు, ఎందుకంటే తాను చదువుకున్నవాడినని చెప్పడానికి మిగిలింది అదొక్కటే. కథ చెప్పేది ఆ దుకాణంలో సారా వెచ్చబెట్టే పన్నెండేళ్ల కుర్రాడు. వాడికి కోంగ్ యీజీ ఒక అక్షరాన్ని నాలుగు రకాలుగా రాయవచ్చని నేర్పబోతాడు. కుర్రాడు మొహం తిప్పుకుంటాడు. చివరికి దొంగతనం చేశాడని ఒక పెద్దింటి వాళ్లు అతని కాళ్లు విరగ్గొడతారు. చేతుల మీద పాక్కుంటూ వచ్చి ఒక్కసారి తాగి వెళ్లిపోతాడు, మళ్లీ కనిపించడు. దుకాణం యజమానికి గుర్తుండేది అతను పందొమ్మిది రాగి నాణేలు బాకీ ఉన్నాడన్న సంగతి.

ఈ కథ చైనాలో స్కూలు పాఠం. 2023 మొదట్లో అక్కడి డిగ్రీ కుర్రాళ్లు దీన్ని మళ్లీ బయటికి తీశారు. ఉద్యోగాలు దొరకని వాళ్లు "నా డిగ్రీయే నాకు కోంగ్ యీజీ అంగీ, విప్పలేకపోతున్నా" అన్న అర్థంలో పోస్టులు పెట్టడం మొదలెట్టారు. వాటన్నిటికీ కలిపి ‘కోంగ్ యీజీ సాహిత్యం’ అని పేరు కూడా వచ్చింది. అక్కడి ప్రభుత్వ టీవీ దానికి సమాధానంగా, కోంగ్ యీజీ బాగుపడకపోవడానికి కారణం చదువు కాదు, చదువుకున్నానన్న బెట్టు వదిలి పని చెయ్యకపోవడమే అంది. కుర్రాళ్లకి మండింది. ఆ జూన్ నెల లెక్కల్లో పట్టణాల్లో 16 నుంచి 24 ఏళ్ల వాళ్లలో నిరుద్యోగం 21.3 శాతం అని వచ్చింది. ఆగస్టులో ఆ లెక్క ప్రకటించడమే ఆపేశారు. తర్వాత చదువుతున్న విద్యార్థుల్ని తీసేసి, లెక్కించే పద్ధతి మార్చి 2024 జనవరిలో మళ్లీ మొదలెట్టారు.

ఇప్పుడు బటన్ సంగతి చూద్దాం. ఆ పోస్టుల్లో ఒకదాన్ని టూల్‌లో పెట్టండి. "కోంగ్ యీజీ పొడుగు అంగీని నేను విప్పలేను" అని తప్పు లేకుండా వస్తుంది. కానీ మీకేమైనా అర్థమైందా? ఏ కోంగ్, ఏ అంగీ? ఆ వాక్యం అర్థం కావాలంటే వందేళ్ల కింద రాసిన కథ మీకు ముందే తెలిసి ఉండాలి. ఎవరో ఒకరు ఆ కథని ఎంచి, మార్చి, అంగీకి పొట్టి చొక్కాకి తేడా ఏమిటో చెప్పి, మీ చేతికి ఇచ్చి ఉండాలి. బటన్‌కి మనం ఏది ఇస్తే దాన్నే మారుస్తుంది. దానికి ఏది ఇవ్వాలో తెలియనివాడికి అది చేసే సాయం తక్కువ.

నాకు ఆ కథ అందడం వెనక ఒక జంట ఉంది. యాంగ్ షియెన్‌యీ, గ్లాడిస్ యాంగ్. ఆయన చైనా నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లి చదువుకున్నాడు. ఆమె బీజింగ్‌లో పుట్టిన ఇంగ్లీషు మిషనరీల అమ్మాయి, ఆక్స్‌ఫర్డ్‌లో చైనీస్ డిగ్రీ చదివిన మొదటి విద్యార్థిని. ఇద్దరూ 1940లో చైనా వచ్చేశారు. తర్వాత దశాబ్దాల పాటు బీజింగ్ విదేశీ భాషల ప్రచురణ సంస్థలో, ‘చైనీస్ లిటరేచర్’ పత్రికలో అనువాదాలు చేశారు. లూ షున్ కథలు ఇంగ్లీషు పాఠకులకి ఎక్కువగా చేరింది వీళ్ల చేతుల మీదుగానే. ఏది అనువదించాలో మాత్రం చాలావరకు వీళ్ల చేతిలో లేదు. పైవాళ్లు ఎంచి ఇస్తే వీళ్లు చేసేవాళ్లు. సాంస్కృతిక విప్లవం టైమ్‌లో, 1968లో, ఇద్దర్నీ అరెస్ట్ చేసి నాలుగేళ్లు జైల్లో, విడివిడిగా ఉంచారు. వీళ్లు జైల్లో ఉన్న ఆ ఏళ్లలో కూడా పత్రిక మాత్రం వస్తూనే ఉంది.

ఇక్కడ మీలో ఒకరు ఆపి అడగొచ్చు. "అయితే అది ప్రభుత్వ ప్రచారమే కదా, దాన్ని ఎందుకు పొగుడుతున్నావ్?" న్యాయమైన ప్రశ్నే. ‘చైనీస్ లిటరేచర్’ ప్రభుత్వ డబ్బుతో నడిచిన పత్రిక. ప్రపంచానికి చైనా ఎలా కనపడాలని ప్రభుత్వం అనుకుందో అలాంటి కథలే అందులో ఎక్కువ వచ్చాయి. మన పెద్దవాళ్లకి ఇలాంటి వ్యవహారం కొత్త కాదు. ‘సోవియట్ భూమి’ తెలుగులో వచ్చేది. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర షాపుల్లో తక్కువ ధరకి దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటి వాళ్లు మాస్కోలో ఉండి మరీ రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేశారు. ఆ డబ్బు ఎందుకు ఖర్చు పెడుతున్నారో అందరికీ తెలుసు. అయినా ఆ తరం వాళ్లు టాల్‌స్టాయ్‌ని, గోర్కీని తెలుగులో చదువుకున్నారు. రాజకీయం వాళ్లది, చదువు వీళ్లది.

నా పాయింట్ ఏంటంటే, పత్రికకి కవర్ మీద పేరు ఉంటుంది. ఎవరు నడుపుతున్నారో, ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. దాన్ని బట్టి మనం అనుమానించొచ్చు, పోల్చుకోవచ్చు. ‘రెండిషన్స్’ హాంగ్‌కాంగ్ చైనీస్ యూనివర్సిటీ వాళ్లది. జార్జ్ కావో, స్టీఫెన్ సూంగ్ అనే ఇద్దరు మొదలెట్టారు. అది ప్రాచీన కవిత్వం నుంచి తైవాన్, హాంగ్‌కాంగ్ రచయితల దాకా వేసింది. ‘పాత్‌లైట్’ ఇంకో రకం. 1949 నుంచి వస్తున్న ‘పీపుల్స్ లిటరేచర్’ అనే చైనీస్ పత్రిక, ‘పేపర్ రిపబ్లిక్’ అనే అనువాదకుల గుంపు కలిసి దాన్ని మొదలెట్టారు. ఒకవైపు అధికారిక సాహిత్య సంస్థ, ఇంకోవైపు బీజింగ్‌లో ఉండి పుస్తకాలు చదువుకుంటూ నచ్చినవి అనువదించే కుర్రాళ్లు. మూడు పత్రికలు, మూడు గుమ్మాలు. ఏ గుమ్మంలోంచి చూస్తే ఏ చైనా కనపడుతుందో మనం పోల్చి చెప్పగలం.

అదే మన ఫీడ్‌లో ఒక కథ వచ్చిందనుకోండి. దాన్ని ఎవరు ఎంచారు? రికమెండేషన్ మోడల్ ఎంచింది. ఎందుకు ఎంచింది? మీరు ఇంతకు ముందు దేని మీద ఎక్కువసేపు ఆగారో దాన్ని బట్టి. ప్రభుత్వ పత్రిక ఎడిటర్‌ని కనీసం తిట్టుకోవచ్చు, ఉత్తరం రాయొచ్చు. మోడల్‌కి ఉత్తరం రాయలేం. మనం అలాంటివి తయారు చెయ్యడానికే చదువుతున్నాం కాబట్టి ఈ మాట మన బ్రాంచ్ వాళ్లు కొంచెం ఎక్కువ ఆలోచించాలి.

ఎంపిక అంటే కథని ఎంచడం ఒక్కటే కాదు. ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ 2006లో ఒక చైనీస్ సైన్స్ ఫిక్షన్ పత్రికలో సీరియల్‌గా వచ్చి, 2008లో పుస్తకమైంది. చైనీస్ పుస్తకంలో సాంస్కృతిక విప్లవం సన్నివేశాలు మధ్యలో ఎక్కడో వస్తాయి. సెన్సార్ కళ్లు పడకుండా ప్రచురణకర్తలు వాటిని అలా లోపలికి జరిపారు. 2014 ఇంగ్లీష్ అనువాదంలో కెన్ లియు వాటిని మొదటికి తెస్తే ఎలా ఉంటుందని అడిగాడు. రచయిత లియు త్సిషిన్, నేను మొదట అనుకున్నది అలాగే అన్నాడు. అందుకే ఇంగ్లీషు పుస్తకం ఆ సన్నివేశాలతోనే మొదలవుతుంది. చైనీస్ పుస్తకాన్ని బటన్‌తో మార్చుకుని చదివితే పుస్తకంలో ఉన్న వరస వస్తుంది. రచయిత కోరుకున్న వరస రావాలంటే ఒక మనిషి రచయితతో మాట్లాడాలి. 2015లో ఆ నవలకి హ్యూగో అవార్డు వచ్చింది. అనువాద నవలకి ఆ బెస్ట్ నవల అవార్డు రావడం అదే మొదటిసారి.

ఆ మరుసటి ఏడాది హావ్ జింగ్‌ఫాంగ్ రాసిన ‘ఫోల్డింగ్ బీజింగ్’ కథకి కూడా హ్యూగో వచ్చింది. ఆమె ఫిజిక్స్ స్టూడెంట్, తర్వాత ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ. మొదట తన యూనివర్సిటీ బులెటిన్ బోర్డులో భాగాలుగా పెట్టుకున్న కథ అది. కథలో బీజింగ్ నగరం 48 గంటలకోసారి మడత పడుతుంది. 50 లక్షల మంది పైవాళ్లకి 24 గంటలు. రెండున్నర కోట్ల మంది మధ్యవాళ్లకి 16 గంటలు. చెత్త ఏరుకుని బతికేవాళ్లతో సహా ఐదు కోట్ల మంది కిందివాళ్లకి రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 8 గంటలే. మిగతా టైమంతా వాళ్లు నిద్రలో ఉంటారు, నగరం వాళ్లని మడిచి పక్కన పెడుతుంది. చెత్త పనిని మెషిన్లకి అప్పగించే టెక్నాలజీ ఉంది, కానీ అప్పుడు ఆ మనుషుల్ని ఏం చెయ్యాలో పైవాళ్లకి తెలీదు. ఆటోమేషన్ మీద మనం చేసిన సెమినార్లన్నీ కలిపినా నాకు ఇంత గట్టిగా తగల్లేదు. ఇది కూడా 2015లో ఒక ఇంగ్లీష్ పత్రిక వేస్తేనే నా దాకా వచ్చింది. యూనివర్సిటీ బులెటిన్ బోర్డు మీద ఉన్న వేల పోస్టుల్లో దీన్ని వెతికి బటన్ నొక్కేవాణ్ని కాదు.

ఇప్పుడు అసలు నాకు ముఖ్యమైన సంగతి. ఇంగ్లీషులో చైనా కథలు చదువుతుంటే ఒక్కోచోట ‘అంకుల్’ అని వస్తుంది. ఏ అంకుల్? ఇంగ్లీషు వాడికి ఆ డౌట్ రాదు. నాకు వస్తుంది, ఎందుకంటే మా ఇంట్లో పెదనాన్న వేరు, బాబాయి వేరు, మేనమామ వేరు. చైనీస్‌లో కూడా అంతే! నాన్న అన్నకి ఒక మాట, నాన్న తమ్ముడికి ఇంకో మాట, అమ్మ అన్నదమ్ములకి ఇంకో మాట. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అనే నాలుగు మాటలూ మనకి లాగే వేరువేరుగా ఉన్నాయి. అంటే బీజింగ్‌లో పెదనాన్నగా బయల్దేరినవాడు ఇంగ్లీషులో దిగి అంకుల్ అయిపోయి నా దగ్గరికి వస్తున్నాడు. నేను చైనీస్ నుంచి నేరుగా తెలుగులో చదివి ఉంటే వాడు పెదనాన్నగానే వచ్చేవాడు.

లూ షున్‌దే ఇంకో కథ ఉంది, 1924లో రాసింది. పెద్దింట్లో పని చేసే ఒక ఆడమనిషి. ఆమెకి కథ మొత్తంలో సొంత పేరు లేదు. చనిపోయిన మొగుడి పేరు షియాంగ్‌లిన్, ఆ పేరుతోనే అందరూ పిలుస్తారు. ఇంగ్లీషులో ‘షియాంగ్‌లిన్స్ వైఫ్’ అని ఉంటుంది. తప్పేం కాదు. కానీ చైనీస్‌లో ఆ పిలుపు చివర ఉన్న ‘సావ్’ అనే మాటకి అసలు అర్థం అన్న భార్య. అంటే వదిన! ఊళ్లో వాళ్లంతా ఆమెని "షియాంగ్‌లిన్ వదినా" అన్నట్టు పిలుస్తున్నారు. ఇది తెలిశాక నాకు ఆ కథ మారిపోయింది. నోటితో వదిన అని పిలుస్తూనే ఆమెని అపశకునం అని పూజ సామాన్లు ముట్టుకోనివ్వరు. ‘వైఫ్’ అన్న మాటలో ఆ కపటం కనపడదు. ‘వదిన’లో కనపడుతుంది.

మూడో ఉదాహరణ ఇంకా పెద్దది. లూ షున్ ‘పిచ్చివాడి డైరీ’ 1918లో వచ్చింది. చైనాలో వాడుక భాషలో వచ్చిన ఆధునిక కథల్లో ముందుగా చెప్పేది దీన్నే. అప్పటిదాకా అక్కడ గౌరవమైన రాత అంటే పాత గ్రాంథికమే. జనం మాట్లాడే భాషలో రాయాలని 1917 నుంచి పెద్ద గొడవ నడిచింది. వినగానే మనకి గిడుగు రామమూర్తి గారు గుర్తు రావాలి. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది, ఎనిమిదేళ్లు ముందు. రెండు చోట్లా దాదాపు ఒకే టైమ్‌లో ఒకే తగాదా.

లూ షున్ ఆ కథలో ఒక తమాషా చేశాడు. డైరీ మొత్తం వాడుక భాషలో ఉంటుంది. దానికి ముందు ఒక చిన్న ముందుమాట ఉంటుంది, అది మాత్రం పాత గ్రాంథికంలో. ఆ పిచ్చివాడికి జబ్బు నయమైంది, ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్లాడు అని ఆ గ్రాంథికం చెప్తుంది. అంటే సమాజం ‘బాగుంది’ అన్నప్పుడు మాట్లాడే భాష ఒకటి, మనిషి నిజం చెప్పేటప్పుడు మాట్లాడే భాష ఇంకొకటి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఈ తేడా చాలావరకు పోతుంది, ఎందుకంటే ఆ భాషకి ఇప్పుడు అలాంటి రెండు రూపాలు లేవు. మనకి ఉన్నాయి! ముందుమాటని గ్రాంథిక తెలుగులో, డైరీని మన మాటల్లో రాస్తే లూ షున్ చేసింది చేసినట్టు తెలుగులో దిగుతుంది.

ఈ మాట నాకు తట్టినప్పుడు సంతోషం వేసింది, వెంటనే భయం కూడా వేసింది. ఎందుకంటే నాకు గ్రాంథికం రాదు. మనలో ఎంతమందికి వచ్చు? చైనా కథకి ఇంగ్లీషు కంటే బాగా సరిపోయే పనిముట్టు మన ఇంట్లోనే ఉంది, దాన్ని పట్టుకోవడం మాత్రం మన బ్యాచ్‌కి రాదు. ఇంకో పదేళ్లు ఇలాగే పోతే మనం ‘దిద్దుబాటు’ని కూడా ఇంగ్లీషులోనే చదువుకుంటాం. అప్పుడు మన అంకుల్ ఎవరో మనకే తెలీదు.

"ఇదంతా బాగుంది గానీ, మన కాలేజీ మ్యాగజైన్ ఏం చెయ్యగలదు?" అంటారా. ‘పేపర్ రిపబ్లిక్’ వాళ్లనే చూడండి. 2015లో వాళ్లు వారానికి ఒక చైనీస్ కథ ఇంగ్లీషులో ఉచితంగా ఇవ్వడం మొదలెట్టి ఏడాది పాటు ఇచ్చారు. రోజుకి యాభై కాదు, వారానికి ఒకటి. ప్రతి కథని ఒక మనిషి ఎంచాడు, ఒక మనిషి చేశాడు, ఇంకొకరు సరిచూశారు. అంత పని మనకి కష్టమే. సంచికకి ఒక్క కథ మాత్రం చెయ్యగలం.

కాబట్టి క్లబ్ ముందు నా ప్రపోజల్ ఇది. అనువాదాల పేజీ తీసెయ్యొద్దు, యాభై కథల డంపు కూడా వద్దు. సంచికకి ఒక కథ. దాని పైన అనువదించినవాళ్ల పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. కింద అరపేజీ, ఈ కథే ఎందుకు అని. ఇంకో పావు పేజీ, తెలుగులోకి రాకుండా మొండికేసిన మాటలు ఏవి, వాటిని ఏం చేశాం అని. మెషిన్‌ని మొదటి డ్రాఫ్ట్‌కి వాడుకోండి, అందులో పాపం లేదు. వాడామని మాత్రం రాయాలి, ఆ డ్రాఫ్ట్‌లో ప్రతి లైనుకీ ఒక మనిషి జవాబు చెప్పగలగాలి.

మొదటి కథగా ‘పిచ్చివాడి డైరీ’ తీసుకుందాం. లూ షున్ 1936లో చనిపోయాడు. మన దేశంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్లే కాబట్టి మూలానికి ఇబ్బంది లేదు. ఇంగ్లీషు అనువాదాలకి మాత్రం ఇంకా హక్కులున్నాయి. వాటిని దగ్గర పెట్టుకుని చదవొచ్చు గానీ వాటి నుంచి అనువాదం చెయ్యాలంటే పర్మిషన్ తీసుకోవాలి. అంటే మూలం దగ్గరికే వెళ్లాలి. చైనీస్ ఎవరికొచ్చు అని నీరసపడకండి. చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చిన అన్నలు, అక్కలు మనలో చాలామందికి చుట్టాల్లోనే ఉంటారు. వార్డుల్లో పేషెంట్లతో మాట్లాడటానికి వాళ్లు ఆ భాష నేర్చుకుని తీరాల్సి వచ్చింది. పాత గ్రాంథికం వాళ్లకి కష్టం కావొచ్చు, వాడుక భాషలో ఉన్న డైరీ భాగం మాత్రం వాళ్లతో కూర్చుని లైను లైనుగా చూసుకోవచ్చు. ముందుమాట అయితే చాలా చిన్నది, చైనీస్ నేర్పే టీచర్‌ని ఒకరిని పట్టుకుంటే గంటలో తేలిపోతుంది.

ఇక ఆ ముందుమాటని గ్రాంథిక తెలుగులో రాయగలవాళ్లు కావాలి. మీ తాతయ్య తెలుగు మాష్టారు అయినా, మీ అమ్మమ్మ పాత పుస్తకాలు చదివే మనిషి అయినా క్లబ్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టండి. ఒక పేజీ పని. డైరీ భాగం మొదటి మూడు ఎంట్రీలు చెయ్యడానికి నా పేరు రాసుకోండి.